మామ కిడ్నీల రాయి పలిగింది

అత్తమ్మకు దండాలు. ఇక్కడ ఖనిల ఇంటికాడ మేమందరం మంచిగున్నం.

ఫోన్ల మాట్లాడుతుంటె మామ పక్కనే కూసుంటడు, ఏం చెప్పనియ్యడు. అందుకే కార్డు రాస్తున్న. ఫికర్ చెయ్యకు, అంతా అయిపోయింది. మామ కిడ్నీల రాయి పడ్డది. కోతంటే భయపడి నొప్పి ఓర్చుకున్నడు. దవాఖానల కొయ్యకుండ రాయి పలగ్గొట్టే కొత్త మిషన్‌ను పరీక్షిస్తున్నరు. "ఇష్టముంటేనే చేస్తం, మత్తియ్యం, కదలకుండ పండుకోవాలె" అన్నడు డాక్టరు. మామ ఒప్పుకున్నడు.

మిషన్ నడుం మీద టకటక కొడుతుంటె మామ కండ్లు మూసుకొని "సారవ్వా, సారవ్వా" అన్నడు. "సారవ్వ ఎవరు తాతా?" అని నర్సు అడిగింది. "మా ఇంటామె. బిడ్డ కాన్పుకు కాసిపేట పోయింది. ఈ సంగతి తెలిస్తె బాలింతను ఇడిచిపెట్టి ఉరికొస్తది, అందుకే చెప్పలే" అన్నడు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

రాయి ఇసుక లెక్క పొడై పోతున్నది. నొప్పి తగ్గింది. మల్ల స్కానింగుకు రమ్మన్నరు, నేనే తోలుకపోత.

ఉలవలు ఏ డబ్బల పెట్టినవ్? చారు కాసి ఇద్దామంటె దొరుకుతలేవు. సంధ్య వదినకు పాలు పడుతున్నయా? పాపకు పేరేం అనుకున్నరు?

నువ్వు వదిన కాడనే ఉండు, ఉరికి రాకు. నేను రాసిన్నని మామకు తెల్వనియ్యకు. ఫోన్ల మాత్రం జరసేపు ఎక్కువ మాట్లాడు. నీ గొంతు ఇన్న పూట రెండు బుక్కలు ఎక్కువ తింటడు.

వదినకు, పాపకు ముద్దులు.

నీ కోడలు,
హర్షిణి