ఎవరూ పంపకుండా వెళ్ళాను

నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఆ సంగతి మీకు రాయొద్దంది. తగ్గిందని తెలిస్తే మీరు అడగడం మానేస్తారట. నాయనమ్మకు కళ్ళజోడు మార్పించాం. ఇప్పుడు మూలమూలలా బూజు కనిపిస్తోందని అమ్మను సతాయిస్తోంది. పాత జోడే నయం అంటోంది అమ్మ. మీరు వేళకు తింటున్నారని ఆశిస్తున్నాను.

మీ ఉత్తరం అందింది. నా దగ్గు పోయింది. మునిసిపల్ ఆఫీసులో ఎప్పుడు చేరుతున్నావని అడిగారు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందు గురువారం మనుషుల గురించి చెప్పనివ్వండి. "ఆ వాచీల కొట్లో చేరేవాళ్ళకు గవర్నమెంటు అంటే గిట్టదట కదా, వాళ్ళతో నీకేం పని?" అని రాశారు.

గిట్టకపోవడం కాదు నాన్నా. ఇంకొకరి జోలికి పోనంతవరకు ఎవరినైనా వాళ్ళ మానాన వాళ్ళను వదిలేయాలంటారు. స్వేచ్ఛావాదులం అని చెప్పుకుంటారు. చూస్తే మీకు నవ్వొస్తుంది. నేను బాబాయి అని పిలిచే వాచీల కొట్టాయన, రిటైరైన హిస్టరీ మాస్టారు, పక్క వీధి నర్సక్క, నేను. అప్పుడప్పుడు ఇంకొకరిద్దరు. ప్రతి గురువారం కొట్టు మూసే వేళకు స్టూళ్ళు లాక్కుని కూర్చుంటాం. అధ్యక్షుడు ఉండడు. ఎవరూ ఎవరికీ పని అప్పగించరు. అప్పగించడమంటే ఆజ్ఞాపించడమేనట. ఎవరికి తోచింది వాళ్ళు చేస్తారు. టీ కూడా అంతే. ఒక గురువారం అందరూ ఫ్లాస్కులతో వచ్చారు. మరుసటి గురువారం ఒక్కరూ తేలేదు.

ఎవరైనా "ప్రజలు కోరుకుంటున్నారు" అంటే మాస్టారు ఊరుకోరు. "ఏ ప్రజలు? నాకు ఇప్పటిదాకా ప్రజలు ఎదురుపడలేదు. మనుషులే ఎదురుపడ్డారు" అంటారు. పూర్వం కొన్ని రాజ్యాల్లో ఎవరు ఏ రంగు బట్ట కట్టుకోవాలో కూడా రాజులే నిర్ణయించారని ఆయనే చెప్పారు. "మరి జనం కట్టుకున్నారా?" అంది నర్సక్క. "కట్టుకున్నారు. నిషేధించిన రంగుకి ఒక్క పిసరు తక్కువలో అద్దించుకుని కట్టుకున్నారు" అన్నారు. ఆ అద్దకం వాళ్ళ మీద నాకు భలే ఇష్టం కలిగింది.

నేను అక్కడ చాలాకాలం నోరు విప్పలేదు. స్కూల్లో సిస్టర్లు నేర్పిన పద్ధతి ఇంకా వదల్లేదు, అడిగితేనే మాట్లాడటం. మొదటిసారి మాట్లాడింది మీ గురించే. తనిఖీలు ఎందుకు, ఇన్స్పెక్టర్లు ఎందుకు అని మాస్టారు అంటుంటే ఉండబట్టలేక అన్నాను.

"మా నాన్న తూనికల ఇన్స్పెక్టరండీ. ఆయన వెళ్ళకపోతే తప్పుడు రాళ్ళతో తూచేవాళ్ళు."

నర్సక్క పడీపడీ నవ్వింది. "మాస్టారూ, మూగదాని చేత మాట్లాడించారు."

మాస్టారు మాత్రం నవ్వలేదు. "తప్పుడు రాయి దొంగతనమమ్మా. మీ నాన్న దొంగను పట్టుకుంటున్నారు. పట్టుకోవాలి. కొట్టువాడి త్రాసుకి ఏ రంగు వెయ్యాలో చెప్పడం లేదుగా?"

"లేదండీ."

"అయితే నాకు ఆయనతో పేచీ లేదు."

మీతో పేచీ లేదని ఆయన ఒప్పుకున్నందుకు ఇంటికి వచ్చేదాకా నాకు గర్వంగానే ఉంది.

ఇక అసలు సంగతి. మా వీధిలో కొట్లన్నిటికీ ఒకే రకం బోర్డులు ఉండాలని మునిసిపాలిటీ ప్రతిపాదించింది. బూడిద రంగు పలక, తెల్ల అక్షరాలు, బొమ్మలు ఉండకూడదు. వాచీల కొట్టు బోర్డు మీరు సరిగ్గా చూసి ఉండరు. బాబాయి వాళ్ళ నాన్న స్వయంగా వేసిన పెద్ద గడియారం బొమ్మ. చిన్న ముల్లు సరిగ్గా మూడు మీద, పెద్ద ముల్లు ఆరు మీద ఉంటాయి. ఏ గడియారంలోనూ అలా ఉండవు. మూడున్నరైతే చిన్న ముల్లు మూడు దాటి ఉండాలి కదా. ఆ తప్పు చెప్పడానికని లోపలికి వచ్చి, పనిలో పనిగా వాచీకి బెల్టు వేయించుకుని పోయేవాళ్ళు ఎంతోమంది. బాబాయి ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే "అవునా?" అంటాడు.

అభ్యంతరాలుంటే సభకు వచ్చి చెప్పుకోవచ్చన్నారు. గురువారం అందరూ ఆవేశంగా మాట్లాడారు. ఎవరు వెళ్ళాలో మాత్రం ఎవరూ అనలేదు. అంటే ఆజ్ఞాపించినట్టవుతుంది. మాస్టారు వెళ్తారని నర్సక్క అనుకుంది. బాబాయి తన బోర్డు కోసం తను వెళ్ళడా అని మాస్టారు అనుకున్నారు. ఇంత బాగా మాట్లాడేవాళ్ళు వెళ్తారు కదా, మధ్యలో నేనెందుకని బాబాయి కొట్లోనే ఉండిపోయాడు. నేను వెనక వరసలో కూర్చుని వినడానికి వెళ్ళాను. చూస్తే మా వాళ్ళలో నేను ఒక్కదాన్నే ఉన్నాను.

వేదిక మీద కూర్చున్నది ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూ చేసిన పెద్ద సారే. వాచీల కొట్టు తరఫున ఎవరైనా ఉన్నారా అని ఆయన అడిగాడు. మళ్ళీ అడిగాడు. నేను లేచి నిలబడ్డాను.

"సార్, ఆ బోర్డు ఎవరినీ మోసం చెయ్యడం లేదు."

"మోసమని కాదమ్మా. అది టైము కూడా తప్పు చూపిస్తోంది."

హాలంతా నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. అయినా కూర్చోలేదు.

"బొమ్మ గడియారం చూసి ఎవరూ బస్సెక్కరు సార్."

ఈసారి ఆయన మీద నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. "వీధి అందంగా ఉండాలా వద్దా?" అన్నాడు.

"అందంగా ఉండాలనే వాళ్ళ నాన్న బొమ్మ వేశాడు. మీకు నచ్చకపోతే అది నచ్చకపోవడం, నేరం కాదు. మా నాన్న తూనికల ఇన్స్పెక్టరు సార్. తప్పుడు రాయి కనబడితే ఆయన వదలరు. త్రాసు అందంగా లేదని మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు."

అంతకన్నా ఏమీ చెప్పలేకపోయాను.

సభ అయ్యాక సారు పిలిచాడు. మంచి మనిషి నాన్నా, అది ముందే రాయాలి. "మీరు చెప్పింది సబబుగా ఉంది. పాత బోర్డులకు మినహాయింపు ఇద్దాం. ఏటా ఒక అర్జీ పెట్టుకుంటే సరిపోతుంది. మీరు ఎలాగూ సోమవారం చేరుతున్నారు. ఆ అర్జీ నమూనా మీరే రాయండి. మీ మాట మెత్తగా ఉంటుంది" అన్నాడు.

మెట్లు దిగేదాకా నేలమీద లేను. గెలిచాను, పైగా ఉద్యోగంలో మొదటి పని కూడా ఇలాంటిది. నేరుగా కొట్టుకు వెళ్ళి చెప్పాను. బాబాయి కంటికి భూతద్దం పెట్టుకుని ఉన్నాడు. తలెత్తలేదు.

"మా నాన్న బొమ్మ మా గోడ మీద ఉండనివ్వమని ఏటేటా అడగాలన్నమాట."

"నేనే రాస్తాను బాబాయ్. మర్యాదగా ఉంటుంది."

"నువ్వు రాస్తే మర్యాదగానే ఉంటుందిలే తల్లీ. అడుక్కుంటున్నామని సంతకం పెట్టేవాడికి కూడా తెలీదు."

ఆయన కోపంగా అనలేదు. మరమేకు ఒకటి చిమటాతో పట్టుకుని, అది జారకుండా చూసుకుంటూ అన్నాడు. నేను మాత్రం అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. మునిసిపాలిటీ వాళ్ళకు నాలో నచ్చింది ఆ మెత్తని మాటే అని అర్థమైంది. నాకు చేతనైనది కూడా అదే.

ఇప్పుడు ఎప్పుడు చేరుతున్నావన్న మీ ప్రశ్నకు జవాబు. నేను ఆ ఉద్యోగంలో చేరలేదు నాన్నా. సోమవారం వెళ్ళి సారుకు స్వయంగా చెప్పాను. ఆయన బాధపడ్డాడు, మళ్ళీ ఎప్పుడైనా రావచ్చన్నాడు. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. జీతం తక్కువ, పెన్షను లేదు. దిద్దాల్సింది అక్షరాలనే, మనుషులను కాదు. భోజనాల వేళ ఒక మూల కూర్చుని చదువుకోవడానికి అచ్చయిన కాగితాలు ఎన్నో. చాలా సంతోషంగా ఉన్నాను. అలా రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఆ ఆఫీసులో పనిచేసేవాళ్ళంతా తప్పు చేస్తున్నారని నేను అనడం లేదు. మన నీళ్ళ గొట్టం పగిలితే వచ్చి బాగుచేసింది వాళ్ళే. మీరు చేసే పని ఇచ్చి ఉంటే రేపే వెళ్ళి చేరేదాన్ని. వాళ్ళు నాకిచ్చింది అది కాదు.

మా వాళ్ళు మాత్రం మరుసటి గురువారం తప్పు చేసిన పిల్లల్లా వచ్చారు. అందరి చేతుల్లోనూ ఫ్లాస్కులే. ఇకమీదట ఎవరు వెళ్తారో ముందే అడిగి తెలుసుకోవాలని నర్సక్క అంది. అడగడం ఆజ్ఞాపించడం కాదని మాస్టారు చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. బాబాయి అర్జీ పెట్టలేదు, పెట్టడట. బోర్డు ఇంకా అక్కడే ఉంది. ఎన్నాళ్ళుంటుందో తెలీదు.

అమ్మ "మీ నాన్నకు నువ్వే చెప్పుకో, నన్ను మధ్యలోకి లాగకు" అంది. మీ ఆఫీసులో అందరికీ నా ఉద్యోగం గురించి చెప్పేశానని రాశారు. మీరు వాళ్ళ ముందు ఏం చెప్పుకోవాల్సి వస్తుందో అన్నదే నా బెంగ. దానికి నన్ను క్షమించండి. చేరనందుకు మాత్రం క్షమాపణ అడగలేను.

ఇన్నాళ్ళూ ప్రతి ఉత్తరంలో ఏదో ఒకదానికి మీ అనుమతి అడుగుతూనే వచ్చాను. ఇది అయిపోయాక చెబుతున్నాను. కోపం వస్తే కోపంగానే రాయండి. అమ్మకు రాసి చెప్పించకండి. నా పేరున, నాకే రాయండి.

ఇట్లు,
మీ కోపానికి సిద్ధపడి కూర్చున్న
మీ అమ్మాయి