ఒక పక్కకే తూలే మనిషి

ప్రియమైన వదినకి,

నమస్కారాలు. ఇది ఫోన్‌లో చెప్పే విషయం కాదు. మా ఇల్లు మీకు తెలుసు కదా, వంటింట్లో గిన్నె మూత తీస్తే ముందు గదిలో వినిపిస్తుంది. అందుకే మీ కాలేజీ అడ్రసుకి రాస్తున్నాను. జవాబు మాత్రం కింది వాటా టీచరమ్మ పేరున రాయండి.

మీ తమ్ముడు తాగుతున్నారు.

చూశావా అని అడుగుతారేమో, చూడలేదు. కానీ నిప్పు లేనిదే పొగ రాదు. నాలుగు నెలలుగా గమనిస్తున్నాను. మెట్లు దిగుతూ గోడ పట్టుకుంటారు. మాట ముద్దగా వస్తోంది, అదీ ఒక్కో ముక్కా విడివిడిగా. పొద్దున్నే తలనొప్పి అంటూ లేస్తారు, ఈ వారంలో రెండుసార్లు వాంతి చేసుకున్నారు. పదింటికల్లా మళ్లీ మామూలు మనిషే. పొద్దుటి వాంతులకి నాకు తెలిసినవి రెండే కారణాలు. నెల తప్పింది ఆయన కాదని మాత్రం గట్టిగా చెప్పగలను.

కట్టుడు పళ్ల పని సగం ఇంటికే తెచ్చుకుంటారని మీకు తెలుసు. కిటికీ దగ్గర బల్ల, దాని మీద స్పిరిట్ దీపం, మైనం, చిన్న చాకులు. దీపానికి పోసే స్పిరిట్ సీసా ఇదివరకు నెల వచ్చేది. ఇప్పుడు పదిరోజులకే ఖాళీ. చొక్కా నిండా ఆ వాసనే. మందు వాసన తెలియకుండా అది మీద చల్లుకుంటున్నారని నా అనుమానం. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే నోటి దగ్గర ముక్కు పెట్టి చూశాను. ఏమీ లేదు. అంటే అంత తెలివిగా తాగుతున్నారన్నమాట.

మొన్న వర్క్‌షాప్ యజమాని ఇంటికొచ్చాడు. ఎవరో పెద్దావిడకి చేసిన పై పళ్లసెట్టులో ముందు పన్ను వంకర పోయిందట. "మనిషి బంగారమమ్మా, చెయ్యే మారిపోయింది. ఇంట్లో ఏమన్నా..." అని నసిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పాతికేళ్ల పని పోతే మేం ఏమైపోవాలి?

ఆయన భయపడేది మీ ఒక్కరికే. ఏదో ఒకటి చెయ్యండి.

ఇట్లు,
దిక్కుతోచని మీ మరదలు


నా ముద్దుల మరదలికి,

వదిన ఆశీస్సులు. ఇరవై ఆరేళ్లుగా శవాలని కోసి పిల్లలకి పాఠం చెబుతున్నదాన్ని, బతికున్నవాళ్లతో మర్యాదగా మాట్లాడడం రాదని మా కాలేజీలో నాకు పేరు. కాబట్టి ఏమన్నా అంటే సర్దుకో.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నువ్వు రాసినవన్నీ తాగుబోతు లక్షణాలే, కాదనను. నా భయమూ అదే. సరిగ్గా అవే లక్షణాలు ఇంకొకదానికి కూడా ఉన్నాయి.

తల వెనక, మెడ మొదలయ్యే చోట చెయ్యి పెట్టి చూసుకో. ఆ ఎముక లోపల, పెద్ద మెదడు కింద, పిడికిలంత ముద్ద ఉంటుంది. అదే చిన్న మెదడు. మధ్యలో పురుగులాంటి సన్నటి పట్టీ, దానికి అటూ ఇటూ రెండు గుబ్బలు. చెయ్యి చాపమని హుకుం ఇచ్చేది పెద్ద మెదడు. ఆ హుకుం నకలు ఒకటి దీనికీ అందుతుంది. చెయ్యి నిజానికి ఎంతవరకు వెళ్లిందో కండరాల నుంచి మరో కబురు వస్తుంది. రెంటినీ పోల్చి చూసి, ఎక్కువ పోతున్నావు, ఆగు అని దిద్దడమే దాని ఉద్యోగం. మూడు జతల కాడలతో అది మెదడు కాండాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, రాకపోకలన్నీ ఆ కాడల్లోంచే. కోడలి వంటని దిద్దే అత్తగారి లాంటిది, తను మాత్రం గరిటె ముట్టదు. కాళ్లు తూలకుండా ఉండడం ఎక్కువగా ఆ మధ్య పట్టీ చలవ, చేతి నేర్పు ఆ గుబ్బల చలవ.

మందు బాగా దెబ్బకొట్టే చోట్లలో ఇదొకటి. తాగినవాడు తూలేదీ, నాలుక మడతపడేదీ అందుకే. కాబట్టి తాగినవాడూ, ఈ ముద్దకి జబ్బు చేసినవాడూ వీధిలో జనానికి ఒకేలా కనిపిస్తారు.

ఒక్క తేడా ఉంది. మందు రక్తంలో కలిసి తలంతా తిరుగుతుంది, దానికి కుడి ఎడమల పట్టింపు లేదు. జబ్బుకి ఉండొచ్చు. పెద్ద మెదడులో ఎడమ సగం కుడి చేతిని నడుపుతుందని విని ఉంటావు. చిన్న మెదడు దగ్గర అలా కాదు, కుడి గుబ్బ కుడి చేతినే చూసుకుంటుంది. దారి ఒకసారి అటు దాటి, మళ్లీ ఇటు దాటుతుంది కాబట్టి సొంత పక్కకే చేరుతుంది.

అందుకని అడుగుతున్నాను. వాడు తూలేది ఎటు? తడబడేది ఏ చెయ్యి? వాడికి చెప్పకుండా చూసి రాయి.

మీ వదిన


ప్రియమైన వదినకి,

మీ పాఠం రెండుసార్లు చదివాను. కోపం తెచ్చుకోనంటే ఒక మాట. కాకిపిల్ల కాకికి ముద్దు. నేను తమ్ముడు తాగుతున్నాడంటే మీరు మెదడు గుబ్బల దాకా వెళ్లారు.

ఇక ఆ కష్టం అక్కర్లేదు. ఆయనే ఒప్పుకున్నారు.

శుక్రవారం యజమాని మళ్లీ వచ్చి మొహం మీదే అడిగాడు. "ఏమయ్యా, తాగుతున్నావా?" అన్నాడు. నేను వంటింటి గుమ్మంలోనే ఉన్నాను. మీ తమ్ముడు ఒక్క క్షణం నా వంక చూసి, "అవునండీ. అలవాటైపోయింది. మానేస్తాను" అన్నారు. అంత తేలిగ్గా. యజమానికి కోపమే రాలేదు, పైగా ఊపిరి పీల్చుకున్నాడు. వాళ్ల తమ్ముడూ అంతేనట, మానిపించాడట. "రెండు నెలలు ఇంట్లో ఉండు, మానేసి రా. నీ బల్ల నీకే" అని భుజం తట్టి వెళ్లాడు.

ఆ రెండు నెలల్లో మానకపోతే నేను మా అన్నయ్య దగ్గరికి వెళ్లిపోతానని చెప్పాను. తల ఊపారు. ఇప్పుడు వీధి తలుపుకి తాళం వేసి చెవి నా దగ్గరే పెట్టుకుంటున్నాను. పదిహేనేళ్ల కాపురంలో మొగుడికి కాపలా కాసే రోజు వస్తుందనుకోలేదు. ఏడుపొస్తోంది వదినా.

మీ మరదలు


నా ముద్దుల మరదలికి,

కోపం రాలేదు. కాకినే, ఒప్పుకుంటున్నాను. కానీ ఈ కాకి ఆ పిల్లని నీకన్నా ముందునుంచీ ఎరుగును.

చిన్నప్పుడు మా ఇంట్లో అద్దం పగలగొట్టి, చేతిలో రాయి ఉండగా పట్టుబడి కూడా వాడు కాదన్నాడు. నాన్న బెత్తం తీసినా కాదన్నాడు. అలాంటివాడు అడగ్గానే అవునన్నాడంటే, నాకు అనుమానం అక్కడే మొదలైంది. తప్పు చేసినవాడు ఇంత త్వరగా ఒప్పుకోడు. వాడు నీ దగ్గర ఏదో దాస్తున్నాడు, అది మందు సీసా కాదు.

నా మీద నమ్మకం లేకపోయినా సరే, ఈ నాలుగూ చేయించి చూడు. నీ వేలు వాడి మొహానికి చెయ్యి చాపుదూరంలో పెట్టు. వాడి చూపుడు వేలితో తన ముక్కు, నీ వేలు, మళ్లీ ముక్కు ముట్టుకోమను, ఒక చేత్తో అయ్యాక రెండోదానితో. తొడ మీద అరచెయ్యిని తిరగేసి బోర్లేసి గబగబా కొట్టమను. కూర్చోబెట్టి, ఒక మడమని రెండో కాలి మోకాలి నుంచి పాదం దాకా జార్చమను. చివరగా గచ్చు మీద గీత వెంట మడమకి రెండో కాలి వేళ్లు ఆనిస్తూ నడవమను. పడిపోతే పట్టుకోవడానికి పక్కనే ఉండు.

చెయ్యి ఊరికే ఒళ్లో ఉన్నప్పుడు వణుకుతోందా, దేన్నైనా అందుకోబోయినప్పుడు వణుకుతోందా, అది ముఖ్యం. రెండోదైతే చిన్న మెదడు మీదే అనుమానం.

మీ వదిన


ప్రియమైన వదినకి,

మీరు చెప్పిన నాలుగు పరీక్షలూ అయ్యాయి.

నిన్న పొద్దున పదకొండింటికి చేయించాను. నడుం నొప్పికి ఎవరో వ్యాయామాలు చెప్పారని అబద్ధం ఆడాను. "ఏంటే ఈ డ్రిల్లు?" అంటూనే కూర్చున్నారు. ఎడమ చెయ్యి చక్కగా వెళ్లొచ్చింది. కుడి చెయ్యి ఒళ్లో ఉన్నంతసేపు రాయిలా ఉంది. నా వేలు దగ్గరపడుతున్న కొద్దీ వణుకు ఎక్కువై, వేలు దాటి వెళ్లిపోయింది. తిరిగొచ్చి ముక్కుని కాదు, చెంపని పొడుచుకున్నారు. తొడ మీద కొట్టమంటే కుడి అరచెయ్యి తాళం తప్పింది. కుడి మడమ కాలిమీద నిలవలేదు. గీత మీద నాలుగడుగులు వేసి కుడిపక్కకే ఒరిగిపోయారు, నేను పట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన పట్టుకునే గోడ ఎప్పుడూ కుడివైపుదే. స్పిరిట్ పోసేదీ కుడి చేత్తోనే. బల్ల మీద కాగితం ఎత్తి చూశాను. చెక్క అంతా మరకలు. తాగింది ఆ బల్ల, వదినా.

"ఏమైంది మీకు?" అన్నాను.

"తాగాను కదే పొద్దున" అన్నారు.

తలుపు తాళం చెవి నా కొంగుకి ఉంది. ఎనిమిది రోజులుగా ఆయన గడప దాటలేదు. ఇల్లంతా నేను వెతికాను, బియ్యం డబ్బాతో సహా. చుక్క కూడా దొరకలేదు. తాగకుండానే తాగుబోతునని ఒప్పుకునే మగవాణ్ణి మీ వంశంలోనే చూశాను.

ఇవాళ పొద్దున మూడుసార్లు వాంతి. ఇప్పుడు నాకు ఆయన మీద కాదు, నా మీదే అనుమానంగా ఉంది. నాలుగు నెలలు నేనేం చూశాను? ఇది ఈసారి ఫోన్‌లో చెబుదామనుకున్నాను, ఆయన బల్ల దగ్గర్నుంచి లేవడం లేదు, అంతా వినిపిస్తుంది. మీ ఊరొచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

మీ మరదలు


తల్లీ,

ఈ చీటీ తెచ్చినావిడ మా కాలేజీ డాక్టరమ్మ. కారు కింద ఆగి ఉంటుంది. బట్టలు సర్దొద్దు, వాడితో వాదించొద్దు, ఉన్నపళంగా ఎక్కండి. ఆ పొద్దుటి తలనొప్పీ వాంతులూ చూస్తే తలలో ఒత్తిడి పెరుగుతోందని నా అనుమానం. చిన్న మెదడు ఉన్న చోటు ఇరుకు, దానికి ఆనుకునే ఊపిరినీ గుండెనీ నడిపే కాండం ఉంది. రేపటిదాకా ఆగే వ్యవహారం కాదు. మీ ఊరి పెద్దాసుపత్రిలో స్కానింగుకి చెప్పి ఉంచాను.

నేను డబ్బు సర్దుకుని సాయంత్రం రైలుకి వస్తున్నాను. వాణ్ణి తిట్టకు. నిన్ను నువ్వు అసలే తిట్టుకోకు.

వదిన


ప్రియమైన వదినకి,

మీరు తిరుగు రైలెక్కి ఆరు రోజులైంది. ఆయన నిన్నటి నుంచి దిండు ఆనుకుని కూర్చుంటున్నారు. కుడి గుబ్బలో నీటితిత్తి, దాని గోడకి చిన్న గడ్డ, ఆపరేషన్ చేసి తీశాక అది క్యాన్సర్ కాదని తేలింది, ఇవన్నీ మీ ఎదురుగానే చెప్పారు. ఇంకో వారం ఆగితే మనిషి దక్కేవాడు కాదని పెద్ద డాక్టరు మీతో అన్న మాట నేను తలుపు చాటు నుంచి విన్నాను. చెయ్యి మెల్లగా తేరుకుంటుందట. మైనం చెక్కేంతగా అవుతుందో లేదో ఎవరూ చెప్పడం లేదు.

మీరున్నన్నాళ్లూ నేను ఒకటి అడగలేకపోయాను. నిన్న అడిగాను. తాగని మనిషి తాగానని ఎందుకు ఒప్పుకున్నారు అని.

ఒక్కో ముక్కా కూడగట్టుకుని చెప్పారు. "నాకు ముందే తెలుసు, చెయ్యి పోతోందని. తాగుబోతుకి గడువిస్తారే. చెయ్యి పోయినవాడికి ఎవరిస్తారు? రెండు నెలల్లో అదే బాగవుతుందేమో, అప్పుడు మానేశానని చెబుదాం అనుకున్నాను." ఆగి మళ్లీ అన్నారు. "తాగుడైతే నువ్వు తిడతావు. ఇదైతే వెళ్లిపోతావేమోనని..."

వదినా, నాకు కోపం వచ్చింది. ఆసుపత్రి అని కూడా చూడకుండా ఏడ్చాను. నేను ఆయన్ని అనుమానించాను, నిజమే, జేబులు వెతికాను, నోరు వాసన చూశాను. ఆయన నన్ను అంతకన్నా ఎక్కువ అనుమానించారు. నాలుగు నెలలు నా ఎదురుగా కూర్చుని, చెయ్యి దాచుకుని, నేను ఎప్పుడు లేచి వెళ్తానా అని చూశారు.

"తాగుబోతని నమ్మి కూడా మీ చొక్కాలు ఉతికాను. వెళ్లేదాన్నయితే ఆ రోజే వెళ్లేదాన్ని" అన్నాను. ఆయన ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇవాళ పొద్దున వర్క్‌షాప్‌కి వెళ్లాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. యజమాని మంచివాడే, కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. అంతా విని నెమ్మదిగా అన్నాడు. "తాగుడైతే మానిపించేవాణ్ణమ్మా. ఇది నా చేతుల్లో లేదు." అప్పటికే అక్కడ మీ తమ్ముడి బల్ల దగ్గర ఇంకొకాయన కూర్చుని మైనం కరిగిస్తున్నాడు.

దారంతా అదే ఆలోచించుకుంటూ వచ్చాను. ఆయన ఇద్దర్ని అనుమానించారు. యజమాని విషయంలో ఆయన అనుకున్నదే జరిగింది. నా విషయంలో పొరపాటు పడ్డారు. మొదటిది రేపు ఎలాగో చెప్పేస్తాను. రెండోది చెబితే సరిపోదు, రోజూ పొద్దున్నే పక్కన కనబడుతూ ఉండాలి. ఎన్నాళ్లైనా ఫర్వాలేదు.

ఉంటాను, ఆయన పిలుస్తున్నారు.

మీ మరదలు