పంకా మీద నాన్న వేళ్లు

కుటుంబ పడవ వ్యవహారాల సర్వాధికారులకు, అనగా కాలికట్టుతో ఇంట కొలువుదీరిన అక్కయ్యకు, రేవు నుండి తమ్ముడు సవినయంగా నివేదించునది: నేను క్షేమం.

నాన్న పోయినప్పటి నుంచి కదలని పడవను నిన్న ఒడ్డుకెక్కించాం. అడుగంతా గుల్లలు పట్టి గరుకుదేలింది. పడవను నడిపే వెనక పంకా రెక్కలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. గుల్లలు పట్టకుండా నాన్న చివరిసారి చేత్తో పూసిన గ్రీజు ఇంకా ఉంది. అందులో ఆయన నాలుగు వేళ్ల చారలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

“అంచుల్లో పూత ఊడుతోంది బాబూ. మొత్తం గీకి కొత్తది పుయ్యందే నీళ్లలోకి దించలేం,” అన్నాడు మేస్త్రి.

“కొన్నాళ్లు ఆగవయ్యా.”

“ఇది పడవ బాబూ, గోడకి తగిలించి ఉంచుకునే పటం కాదు!”

మేస్త్రి వాదన శాస్త్రీయమని అంగీకరిస్తూనే గీకుడుపై స్టే విధించాను.

కట్టు ఎప్పుడు విప్పుతారు? పాపకు దగ్గు తగ్గిందా? బావగారికి నమస్కారాలు.

ఆ కాలి మూలంగానే నీకు నాన్న కడచూపు దక్కలేదు. కావున దాఖలు చేయు డిమాండ్లు:

నం. 1: చేతికర్ర పట్టుకొనైనా నువ్వు రావాలి. ఆ చారల్లో నీ వేళ్లు ఒకసారి ఆనించి చూశాకే గీకుతాం.

నం. 2: కొత్త పూత నువ్వే పుయ్యాలి. కుంచె అనుమతించబడదు.