బాతుల జ్వరం బావకెలా వచ్చింది?

బావా,

నీ జ్వరం తగ్గిందని అక్క చెప్పాక ప్రాణం కుదుటపడింది. ‘వానలో తడిశాను, అంతే’ అన్నావట. కాదు బావా. నీ గొంతులోంచి తీసిన నమూనా మా ల్యాబ్‌కే వచ్చింది. అందులో ఉన్నది బాతుల ఫ్లూ వైరస్! మామూలుగా అది మనిషి గొంతుకు సరిగా అతుక్కోలేదు. పందికి మాత్రం బాతులదీ అంటుతుంది, మనుషులదీ అంటుతుంది. రెండూ ఒకే పందిలో కలిస్తే భాగాలు మార్చుకుని, మనిషికీ అతుక్కునే కొత్త వైరస్ పుట్టొచ్చు. నీ వైరస్‌లో కొన్ని భాగాలు మనుషుల ఫ్లూవే! నాకు భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. మన దొడ్లో బాతులు ఈదే నీళ్లే పందులకు పెడుతున్నావా? ఎవరైనా జలుబుతో వాటికి మేత వేశారా?

పక్కనే ఉండి సేవ చేసినా అక్కకు అంటలేదు. అంటే అది మనిషిలోకి రావడం నేర్చుకుంది గానీ, మనిషి నుంచి మనిషికి పాకడం ఇంకా నేర్చుకోలేదు. రేపు మా ల్యాబ్ వాళ్లతో వస్తున్నా. అప్పటిదాకా దొడ్డివైపు వెళ్లకు. ఆ మిగతా చదువు మన పందుల దగ్గర పూర్తి కానివ్వొద్దు.

నీ మరదలు