గోడ మీద దుప్పటి

చిత్రకారులు లోరెంత్స్ దొరగారికి, మా ఊరి చర్చిలో గంట కొట్టేవాడు రాసుకునే మనవి.

మీరు పాదిరిగారింట్లో ఉంచిన బొమ్మ చూశాను. పట్నంలో ప్రదర్శనకు పట్టుకెళ్లేలోపు ఒక మాట. నిరుడు నేను నిచ్చెనెక్కి వేసిన కప్పును బొమ్మలో పీకేసి, నిక్షేపంలాంటి చర్చిని శిథిలం చేసిపెట్టారు. పోనీండి, పట్నంవాళ్లకు పాడుబడ్డవే అందం. కానీ ఆ ప్రహరీగోడ మీద ఏమీ లేదేం?

అక్కడ రోజూ దుప్పట్లు ఆరేసేది మా ఆవిడ హెడ్విగ్. "అమ్మా, అవి తీసెయ్, బొమ్మ చెడుతోంది" అని మీరు అరిచినప్పుడల్లా, "తీయకే, దొర మూతి ఎంత ముడుస్తాడో చూద్దాం" అని ఎగదోసింది నేనే. "నలభై దాటినా నీ కోతివేషాలు పోవు" అని నవ్వుతూ ఇంకొకటి ఆరేసేది.

కోతలు కాగానే హెడ్విగ్ జ్వరమొచ్చి చనిపోయింది. ఆమెకు చావుగంట నేనే కొట్టాను. ఇప్పుడు ఇంట్లో నన్ను తిట్టేవాళ్లు కూడా లేరు.

ఆమె బొమ్మ గీయమని అడగను. గోడ మీద గోరంత తెల్లరంగు పెట్టండి, చాలు. చూసినవాళ్లు మేకపిల్ల అనుకున్నా సరే.

నమ్మండి దొరా, ఈసారి మిమ్మల్ని ఏడిపించడానికి కాదు.