సగం మొగులయ్య

ఇస్నాపూర్,
జూన్ 7, 1976

కంప్యూటరు సారుకు, కిరాయి రూముల ఉండే మొగులయ్య దండం పెట్టి రాసేది.

పోయిన నెల మీ కర్మాగారంల, ఇనుము కరగబోసే ఫౌండ్రీల నౌకరికి చేరిన. నిన్న మీ మిషన్ల కెల్లి నా ఆర్డరు వచ్చింది. పేరు నాదే, షెడ్డు నాదే. కిందికి చూస్తే ఆడోళ్ల హాస్టల్ల ఒక మంచం, రెండు తెల్ల చీరలు, రాత్రి ఎనిమిది లోపట గేటు లోపల ఉండాలె అని ఉన్నది. నా డ్యూటీ అయ్యేదే పదింటికి. నిన్న రాలేదేమని వార్డెనమ్మ అప్పుడే మెమో పంపింది. నేను ఆ గల్లీకే పోలే సారూ.

పాశమైలారం చిన్నరాములు తన బిడ్డ సత్తెమ్మను నాకు ఇస్తనన్నడు. "ఆర్డరు చూసినంకనే ముహూర్తం" అన్నడు. గిది ఎట్ల చూపాలె? జల్దీ నన్ను మొగోన్ని చెయ్యుండ్రి.

పరేషాన్‌ల ఉన్న
మొగులయ్య

మరిచిన: చీరలు స్టోర్ల ఇచ్చిండ్రు. వద్దంటే, "ఆర్డర్ల ఉన్నది, దస్తఖత్ పెట్టు" అన్నరు. పెట్టిన.

*

కంప్యూటరు విభాగం,
జూన్ 10

శ్రీ మొగులయ్యగారికి, సుమిత్ర నమస్కారాలు.

తప్పు మాదే. మన కర్మాగారం ఆసుపత్రిలో ఉద్యోగం మానేసిన నర్సు హైమావతిగారి నెంబరు మీకు ఇచ్చాం. డిస్కు మీద ఆమె వివరాలున్న చోటనే మీవి రాస్తుండగా కరెంటు పోయింది. అందువల్ల పై సగం మీరు, కింది సగం హైమావతిగారు అయ్యారు. యంత్రం అదంతా ఒకే మనిషి అనుకుంది. దానికి సందేహాలు రావు.

త్వరలో సరిచేస్తాం. ఈ ఉత్తరం పెళ్లివారికి చూపించవచ్చు.

ఇట్లు,
సుమిత్ర

తా.క.: చీరలు మడత విప్పకుండా తిరిగి ఇవ్వగలరు.

*

ఇస్నాపూర్,
జూన్ 14

సుమిత్రమ్మ గారికి, మొగులయ్య దండాలు.

మీరు ఆడమనిషని తెలువక, నన్ను మొగోన్ని చెయ్యమని రాసిన. మాఫ్ చెయ్యండి.

మీ ఉత్తరం చూపెట్టిన. గదే కొంప ముంచింది. చిన్నరాములు మామకు చదువు రాదు, ఇంట్ల చదివించుకున్నడు. తెల్లారి కబురు వచ్చింది: "ఎవలామె హైమావతి? నౌకరి ఎందుకు ఇడిసిపెట్టి పోయింది? సగం మనిషి ఆమె దగ్గరుంటే, మిగిలిన సగానికి పిల్లనెట్ల ఇస్తం?" నేను ఆమె మొఖం గూడ సూడలే. ఇగ ఫౌండ్రీల అందరు నన్ను "సిస్టర్" అంటున్నరు. నిన్న ఫోర్‌మన్ సారు చెయ్యి జాపి, "జెర నాడి చూడు" అన్నడు.

ఎట్లన్న జేసి నన్ను గట్టెక్కియ్యుండ్రి.

ఇంకా సగమే ఉన్న
మొగులయ్య

మరిచిన: మడత సంగతి కుదరదు. ఒక చీర మీద మా అమ్మ మిరపకాయలు ఎండబెట్టింది. రెండోది సాక్ష్యంగ మామ ఇంట్ల ఉన్నది.

*

కంప్యూటరు విభాగం,
జూన్ 18

శ్రీ మొగులయ్యగారికి, నమస్కారాలు.

మీరు హైమావతిగారిని ఎన్నడూ చూడలేదని విభాగం తరఫున ధ్రువీకరిస్తున్నాను. ఆమె పెళ్లి చేసుకుని కాకినాడ వెళ్లారు. అక్కడ పూర్తిగానే ఉన్నారు.

ఇక్కడ కొత్త పద్ధతి పెట్టాం. ఇకమీదట పాతదాని మీద రాయం. ఖాళీ చోట, మధ్యలో యంత్రం జ్ఞాపకంలో దాచి ఉంచకుండా నేరుగా డిస్కు మీదనే మొత్తం రాస్తాం. చదివి సరిచూస్తాం. ఆ తరువాతే, మొగులయ్య అంటే ఇకనుంచి ఇది అని సూచిక మారుస్తాం. ఈలోగా కరెంటు పోయినా పాతది చెక్కుచెదరదు. ఉంటే పూర్తిగా కొత్తది, లేదంటే పూర్తిగా పాతది.

నిన్న మీ వివరాలు అలాగే రాస్తుండగా కరెంటు పోయింది. పద్ధతి చక్కగా పనిచేసింది. పాతది చెక్కుచెదరలేదు. అంటే మీరింకా హాస్టల్లోనే ఉన్నారు.

మా అధికారి కామేశ్వరరావుగారు "భేషమ్మా!" అన్నారు. సంతోషించాను. తరువాత మీరు గుర్తుకొచ్చారు. రేపు మళ్లీ రాస్తాం.

ఇట్లు,
సుమిత్ర

తా.క.: మీ మంచం ఇంకొకరికి ఇవ్వడానికి మీ సంతకం కావాలని వార్డెనుగారు అంటున్నారు. గేటు దగ్గరే పెట్టాలి. లోపలికి రానివ్వరు.

*

పాశమైలారం,
జూన్ 25

సుమిత్రక్కకు, చిన్నరాములు బిడ్డ సత్తెమ్మ రాసేది.

మీకు నేను తెల్వది. నాకు మీరు తెలుసు. మా ఇంట్ల మీ ఉత్తరాలు చదివేది నేనే. హైమావతి ఎవలని అడిగింది మా నాయన కాదు. నాయన అంతా విని, "పాపం, కరెంటు పోయిందంట" అన్నడు, గంతే. అడిగింది నేను, నాయన పేరు మీద. సగం మనిషిని చేసుకునేది నేను గద!

ఆమె కాకినాడల ఉన్నదని చదివినంక నా మనసు నిమ్మలమైంది. నిన్న ఆయన కొత్త ఆర్డరు తెచ్చిండు. పేరు కెల్లి బూట్ల దాక అంతా ఆయనే. నాయన ముహూర్తం పెట్టిచ్చిండు. మీరు తప్పక రావాలె.

తెల్ల చీర మాత్రం ఇయ్య. కట్టుకొని అద్దంల చూసుకున్న, మంచిగనిపించింది. ఎనిమిది దాక చదివిన. మీ దవాఖానల ఆయా పని ఖాళీ ఉన్నదంటే దరఖాస్తు పెట్టిన.

మీ చెల్లె
సత్తెమ్మ

మరిచిన: నౌకరి వస్తే, అక్కా, నన్ను ఖాళీ జాగల రాయుండ్రి. ఆయన మీద మాత్రం రాయొద్దు. మీ కరెంటును నమ్మలేం.