తెరపై నీ మాటలు

సావిత్రీ,

మన చేపల కంపెనీలో నేను సరిదిద్దిన కంప్యూటరు ప్రోగ్రాం ఈ ఉదయం మొదలైంది. నువ్వు ఉంటే ముందుగా నీకే చూపించేవాడిని.

కౌంటరులో నువ్వు సరుకు నమోదు చేసే రోజుల్లో, ఏ గడి ఖాళీగా వదిలినా తెరపై “ఎఫ్ 07 తప్పనిసరి” అన్నట్టు ఆ గడి నంబరు మాత్రమే ఇంగ్లీషులో వచ్చేది. ఐసు కరుగుతోందని లారీవాళ్లు కేకలేస్తుంటే, మేడమీద లెక్కలు చూసుకునే నన్ను పిలిచేదానివి.

“ఏవండీ, ఈ ఎఫ్ ఏడు ఎవరండీ? మీ తరఫు చుట్టమా?”

రాత్రి కళాశాలలో కంప్యూటరు చదువు చదివి పట్టా పుచ్చుకున్న నేను ఆ గడులన్నిటికీ పేర్లు పెట్టాను. కౌంటరు దగ్గర నువ్వు చేపల రైతులను అడిగే మాటలనే వాడాను.

“ఇది ఆఫీసు భాషలా లేదండీ రామారావుగారూ!” అన్నారు మేనేజరుగారు.

“పని జరిగే భాష ఇదేనండీ” అన్నాను. ఒక్క అక్షరమూ మార్చలేదు.

నీ కుర్చీలో ఇప్పుడు నాగమణి అనే అమ్మాయి కూర్చుంటోంది. కైకలూరు నుంచి వచ్చిన మొదటి లారీకే ఒక గడి మరచిపోయింది. “ఎవరి చెరువో రాయలేదు” అని తెర చెప్పింది.

“ఎవరి చెరువండీ?” అని ఆమె డ్రైవరును అడిగి, రాసి, లారీని పంపేసింది.

నేను మెట్ల మీదే నిలబడి ఉన్నాను. నన్ను పిలవవలసిన అవసరం ఆమెకు రాలేదు.

నీ
రామారావు